గెలిచిన రోజు మాట

డెట్రాయిట్ పక్కన నోవై ఊళ్లో రత్నరాజు ఇంట్లో శనివారం కూడిక కింద బేస్‌మెంట్‌లో జరిగేది. మెట్లు దిగగానే ఎడంపక్క వాషింగ్ మెషీన్, కుడిపక్క గోడకి ఆనించిన మడత కుర్చీలు, మధ్యలో కుంగిపోయిన పాత సోఫా. చుట్టుపక్కల ఊళ్ల నుంచి నాలుగైదు తెలుగు క్రైస్తవ కుటుంబాలు వచ్చేవి. పాటలు, వాక్యం, సాక్ష్యాలు, ప్రార్థన అయ్యాక పైన వంటింట్లో భోజనాలు. భోజనాలయ్యాక మగవాళ్లు మళ్లీ కిందికి దిగి రేడియో పెట్టుకునేవారు. ఆ బేస్‌మెంట్‌లో దేవుడి తరవాత అంత భక్తిగా తలుచుకునేది డెట్రాయిట్ టైగర్స్ బేస్‌బాల్ జట్టునే.

రత్నరాజు కార్ల కంపెనీలో బ్రేకుల ఇంజనీరు. సంఘ పెద్ద. మాటకారి. ఆయన భార్య కరుణమ్మకి మాట లేదు. పుట్టుకతో వచ్చింది కాదు. మూడేళ్ల కిందట చలికాలంలో జలుబు చేసి గొంతు పోయింది. జలుబు తగ్గింది గానీ గొంతు రాలేదు. డాక్టర్లు లైటు వేసి లోపల చూసి, అంతా బాగానే ఉంది, ఎందుకు రావడం లేదో మాకూ తెలీదని పంపేశారు.

అప్పట్నుంచీ ఆవిడ తరఫున రత్నరాజే మాట్లాడేవాడు. నిజం చెప్పాలంటే గొంతు ఉన్న రోజుల్లోనూ సగం ఆయనే మాట్లాడేవాడు. పోయాక ఆ మిగతా సగం కూడా ఆయన చేతికొచ్చింది. "మా ఆవిడ ఏమంటోందంటే" అని మొదలుపెట్టి, క్రిస్మస్‌కి యాభై మందికి బిర్యానీ తనే వండుతానంటోందనీ, ఈ ఏడు ఫ్లోరిడా వద్దంటోందనీ, కాఫీలో పంచదార రెండు చెంచాలు వెయ్యమంటోందనీ చెప్పేసేవాడు. పక్కన కరుణమ్మ తల ఊపేది. అది అవునని ఊపడమో కాదని ఊపడమో ఎవరూ అంత పట్టి చూడలేదు. మంచి కాపురం అని అందరూ అనుకునేవారు.

ఎనభై నాలుగు ఏప్రిల్‌లో బేస్‌బాల్ సీజన్ మొదలైంది. మొదటి ఆట టైగర్స్ గెలిచారు. రత్నరాజు రేడియో కట్టేసి వంటింట్లోకి వచ్చేసరికి కరుణమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. గరిటెలో పులుసు ఆయన చేతిలో పోసింది.

"ఉప్పు సరిపోయిందేమో చూడండి," అంది.

ఆయన చూశాడు. సరిపోయిందన్నాడు. అంతే. కంచం ముందు కూర్చున్నాక గానీ ఆయన కళ్లమ్మట నీళ్లు రాలేదు. ఆవిడ మాత్రం "అంత కారంగా ఉందా?" అని అడిగింది.

ఆ శనివారం మధ్యాహ్నం ఆటలో అవతలి జట్టుకి ఒక్క హిట్ కూడా దక్కనివ్వకుండా గెలిచారు. సాయంత్రం కూడికకి వచ్చినవాళ్లకి తలుపు తీసి "రండి, రండి" అన్నది కరుణమ్మే. ఏసుపాదం చెప్పులు విప్పుతూ, "గెలిచారు కదక్కా, అదీ సంగతి," అన్నాడు. ఏసుపాదం ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసే ఒంటరి మనిషి, వరసకేమీ కాకపోయినా ఆవిణ్ణి అక్కా అనీ, రత్నరాజుని బావగారూ అనీ పిలిచేవాడు. అంతకన్నా ఎవరూ ఏమీ అనలేదు. ఆవిడ చాలాకాలానికి పాట ఎత్తుకుంది. అందరూ అందుకున్నారు.

రెండు వారాలకి పైగా టైగర్స్ ఓడలేదు. మొదటిసారి ఓడిన రోజు ఆట అయిపోగానే కరుణమ్మ మాట నోట్లోనే ఆగిపోయింది. మళ్లీ గెలిచినప్పుడు వచ్చింది. దాంతో లెక్క అందరికీ తెలిసిపోయింది. ఒక ఆట గెలిస్తే మళ్లీ ఆట ముగిసేదాకా మాట ఉంటుంది, ఓడితే ఉండదు. ఆ తరవాత ఆడవాళ్లు ఆవిడకి ఫోన్ చెయ్యాలంటే ముందు తమ మొగుళ్లని "నిన్న ఏమైంది?" అని అడిగేవారు. కూడికలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు ఎవరి పచ్చకామెర్లో, ఎవరి గ్రీన్‌కార్డో అయ్యాక, ఏసుపాదం గొంతు సవరించుకుని "మన టీం కోసం కూడా" అనేవాడు. సంఘ పెద్ద హోదాలో రత్నరాజు కళ్లు మూసుకుని ఆమేన్ అనేవాడు.

మాట వచ్చాక కరుణమ్మ పెద్ద విషయాలేమీ మాట్లాడలేదు. చిన్నచిన్నవి సరిచేసుకుంటూ వచ్చింది.

"నాకు పంచదార వద్దు. ఎప్పుడూ వేసుకోలేదు నేను."

"ఫ్లోరిడా నేనెందుకు వద్దంటాను? సముద్రం చూసి ఎన్నేళ్లయిందో."

"యాభై మందికి వండుతానని నేనలేదమ్మా. వండాను, అంతే."

అన్నప్పుడల్లా అందరూ పడీపడీ నవ్వేవారు. "దొరికిపోయారు బావగారూ," అని ఏసుపాదం ఏడిపించేవాడు. రత్నరాజు కూడా నవ్వేవాడు. నవ్వుతూనే ఆవిడ తరవాతేమంటుందోనని చెవులు రిక్కించేవాడు. ఎందుకంటే ఆవిడ పేరు మీద ఆయన చెప్పినవాటిలో కాఫీ, ఫ్లోరిడాలాంటివి కాని మాట ఒకటుంది.

వాళ్లకి ఒకత్తే కూతురు, వసంతకుమారి. ఆరేళ్ల పిల్లగా వచ్చి మిషిగన్ మంచులోనే పెరిగింది. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. న్యూయార్క్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లింది. కరుణమ్మకి గొంతు పోయిన రెండు నెలలకి ఒక సాయంత్రం ఫోన్ చేసి, తనూ ఉదయ్ అనే అబ్బాయీ సిటీ హాల్‌లో పెళ్లి చేసుకున్నామని చెప్పింది. అబ్బాయి తెలుగువాడే, మంచివాడే, హిందువు. రత్నరాజు సంఘంలో తలెత్తుకోలేనన్నాడు. అరిచాడు. ఆ పిల్ల ఏడుస్తూ, "ఓకే నాన్నా, నీకు కోపం. అమ్మ ఏమంటుంది? అమ్మని అడుగు," అంది.

కరుణమ్మ అప్పుడు మేడమీద నిద్రపోతోంది. ఆయన అడగలేదు.

"మీ అమ్మా అదే అంటోంది. ఇంక నీ మొహం చూడదట," అన్నాడు.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ భార్యతో, "వసంత పెళ్లి చేసుకుందట. మనతో ఇంక పని లేదంది," అని చెప్పాడు. అలా ఇద్దరి తరఫునా తనే మాట్లాడేశాడు. కరుణమ్మ ఆ రోజు కప్పు పట్టుకుని కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది. కూతురికి తను అక్కర్లేకపోయిందని నమ్మింది. మూడేళ్లు నమ్ముతూనే ఉంది. న్యూయార్క్ పక్కనే జెర్సీ సిటీలో కాపురం పెట్టిన ఆ పిల్ల కూడా అలాగే నమ్మింది.

మే నెలాఖరుకి టైగర్స్ నలభై ఆటల్లో ముప్ఫై ఐదు గెలిచారు. ఊరూరా అదే మాట. ట్వెల్వ్ ఓక్స్ మాల్‌లో గుడ్డల కొట్టు బొమ్మలకి కూడా టైగర్స్ టోపీలు పెట్టారు. రత్నరాజు ఆఫీసు స్నేహితుడు నరసింహ ఉండేవాడు. వరంగల్ మనిషి, ప్రార్థనకి కాదు, ఆటకే వచ్చేవాడు. డెట్రాయిట్‌కి వచ్చిన దగ్గర్నుంచీ ఈ టీంని నమ్మి నమ్మి దెబ్బతిన్నవాడు.

"మొదట్ల అందరు గిట్లనే ఉరుకుతరన్నా," అన్నాడు ఆ గురువారం సోఫాలో కూర్చుని. "ఆగస్టు ఎండలకు బంతులేసే పిచర్ల భుజాలు పోతయి. సెప్టెంబర్ల మనం ఏడుస్తం. నేను ఎన్నిసార్లు చూడలే."

"ఇది అలాంటి టీం కాదండీ," అన్నాడు ఏసుపాదం. "ఇలా మొదలెట్టిన జట్టు ఇంతవరకూ లేదంటున్నారు రేడియోలో. కావాలంటే రాసిస్తాను, అక్టోబర్‌లో చివరి ఆట మనదే."

"చివరి ఆట గెలిస్తే?" అని అడిగింది మెట్ల మీద కూర్చున్న కరుణమ్మ.

ఎవరికీ తట్టలేదది. అక్టోబర్ దాటితే తరవాతి ఆట మళ్లీ ఏప్రిల్‌లోనే.

"అయితే వదినెకు చలికాలం మొత్తం మాట ఉంటది," అన్నాడు నరసింహ మెల్లగా. "ఓడితే చలికాలం మొత్తం ఉండది."

కరుణమ్మ చేతులు తుడుచుకుంది. "అంతదాకా ఎందుకు. ఇప్పుడుంది కదా. ఏమండీ, నాకు వసంతతో మాట్లాడాలనుంది. అది వద్దన్నా సరే, నాకు వద్దని లేదు. ఆ మాటొకటి చెప్తాను. నంబర్ కనుక్కోండి."

రత్నరాజు లేచి మడత కుర్చీలు సర్దడం మొదలుపెట్టాడు. "కనుక్కుందాం. తొందరేముంది? ఈ టీం ఇప్పట్లో ఓడేలా లేదు. వచ్చే వారం చేద్దాం," అన్నాడు. తన టీం గెలుస్తున్నందుకు ఆయన మొదటిసారి భయపడింది ఆ రోజే.

ఏసుపాదానికి వచ్చేవారం దాకా ఓపిక లేదు. ముప్ఫై ఐదు గెలిచిన టీం మీద ఆయనకున్న నమ్మకం మామూలుది కాదు. జెర్సీ సిటీలో తెలిసినవాళ్లని పట్టుకుని నంబర్ సంపాదించి, మర్నాడు ల్యాబ్ నుంచే ఫోన్ చేశాడు. "మీ అమ్మకి మాటొచ్చిందమ్మా. నీతో మాట్లాడాలంటోంది. ఆదివారం ప్రార్థన అయ్యాక పన్నెండింటికి నువ్వే ఫోన్ చెయ్యి, సర్‌ప్రైజ్‌గా ఉంటుంది," అన్నాడు. ఆట సంగతి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని ఆ వారంలో ఎవరికి తోస్తుంది? ఓడితే కదా.

శుక్రవారం టీం సియాటిల్‌లో ఓడింది. శనివారం మళ్లీ ఓడింది. ఆదివారం ఆట సాయంత్రం గానీ లేదు.

ఆ రోజు చర్చి అయ్యాక సంఘంవాళ్లు కొందరు రత్నరాజు ఇంటికే వచ్చారు. మధ్యాహ్నం ఫోన్ మోగేసరికి ఏసుపాదం సోఫాలో తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఉదయం నుంచీ ఆ పిల్లకి చేస్తూనే ఉన్నాడు, ఎవరూ ఎత్తలేదు. కరుణమ్మకి ఏమీ తెలియదు. ఎవరో విని భర్తకి అందించే అలవాటుతో వెళ్లి రిసీవర్ ఎత్తి చెవికి పెట్టుకుంది. పక్కనే రత్నరాజు నిలబడి ఉన్నాడు. అవతలి గొంతు ఆయనకి కూడా వినిపిస్తోంది.

"అమ్మా? అమ్మా, నేను వసంత. ఏసుపాదం అంకుల్ చెప్పాడు, నీకు వాయిస్ వచ్చింది అని."

కరుణమ్మ రెండు చేతులతో రిసీవర్ పట్టుకుంది. ఆవిడ పెదాలు కదిలాయి.

"అమ్మా, నేను ఫైట్ చెయ్యడానికి ఫోన్ చెయ్యలేదు. నాన్న చెప్పాడు కదా, నువ్వు నా మొహం చూడను అన్నావ్ అని. త్రీ ఇయర్స్ నేను అదే థింక్ చేస్తున్న. నువ్వు అనలేదు అని ఒక్కసారి చెప్పు. అంతే. నాకు ఇంకేం వద్దు."

కరుణమ్మ తిరిగి భర్తని చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఇంకా అంతదూరం రాలేదు. అర్థం చేసుకుంటోంది. తరవాత ఆవిడ రిసీవర్ ఆయన వైపు చాచింది. చెప్పండి అని చెయ్యి ఊపింది.

క్రిస్మస్ బిర్యానీ గురించి చెప్పగలిగినవాడు, పంచదార గురించి చెప్పగలిగినవాడు, మూడేళ్లు ఆవిడ నోరు తానే అయినవాడు. ఒక్క మాట చెప్పాల్సింది. మీ అమ్మ అనలేదమ్మా, నేనే అన్నాను. దానికి ఎంతసేపు పడుతుంది? పక్కన ఏసుపాదం ఉన్నాడు, మెట్ల మీద సంఘంవాళ్లున్నారు. రత్నరాజు కళ్లు దించుకున్నాడు. రిసీవర్ అందుకోలేదు.

"ఓకే అమ్మా," అంది వసంత. "ఐ గాట్ ఇట్." ఏసుపాదం లేచి రిసీవర్ అందుకునేలోపే పెట్టేసింది.

సాయంత్రం ఏసుపాదం చేస్తే ఎంగేజ్ వచ్చింది. టీం మళ్లీ గెలిచి కరుణమ్మకి మాట వచ్చి తను చేసేసరికి, ఈ నంబర్ ఇప్పుడు లేదని ఎవరో రికార్డు చేసిన ఆడగొంతు చెప్పింది.

ఫోన్ పెట్టేసి కరుణమ్మ, భర్త ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎందుకన్నారు?"

రత్నరాజు ఈసారి దాచలేదు. "నాకు కోపం వచ్చింది. నా ఒక్కడి కోపం చాలదనిపించింది. నీది కూడా కలిపాను."

"మనతో పని లేదని అదంది అన్నారు. అదో?"

"అదీ నేనే."

"నాకు కోపం రాలేదండీ అప్పుడు. నన్ను లేపి ఉంటే మీకు తెలిసేది," అని లేచి వెళ్లిపోయింది. ఆ రోజు తరవాత గెలిచిన రోజుల్లో కూడా ఆయనతో అవసరం ఉంటేనే మాట్లాడింది. ఓడిన రోజుకీ గెలిచిన రోజుకీ ఆ ఇంట్లో రత్నరాజు ఒక్కడికే తేడా లేకుండా పోయింది.

"నేను వెళ్లి చెప్తానక్కా, తప్పు నాది," అని ఏసుపాదం కాళ్లావేళ్లా పడ్డాడు. అడ్రస్ ఉంది, టికెట్ కొనుక్కుంటానన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు.

"వద్దు తమ్ముడూ. నా తరఫున ఒకరు అబద్ధం చెప్పారు, ఇంకొకరు నిజం చెప్తే సరిపోదు. నా నోటితో నేనే చెప్పాలి."

"అయితే రేపే వెళ్దాం పదక్కా."

"ఇక్కడ మాటతో విమానం ఎక్కి, అక్కడ దిగేసరికి ఓడితే? దాని గుమ్మంలో నిలబడి మళ్లీ నోరు తెరవలేకపోతే?"

జూన్ నుంచి టీం మామూలు టీం అయిపోయింది. ఒకరోజు గెలవడం, ఒకరోజు ఓడడం. మొదట్లో కూడబెట్టుకున్న గెలుపులు కాపాడుతున్నాయి గానీ, రేపు ఏమవుతుందో చెప్పడానికి లేదు. నరసింహ ప్రతి ఆటకీ నిట్టూర్చేవాడు. ఆవిడ అతన్నే అడిగేది, అతను ఆశ పెట్టడని.

"చివరిదాకా పోతరా?"

"పోతరేమో వదినె. కానీ ఆడ నాలుగు మంచి టీంలు ఉంటయి. మూడు టీంలు ఓడే ఇంటికి పోతయి. గెలిచి ఇంటికి పోయేది ఒక్కటే."

"ఆ ఒక్కటీ మనదైతే వెళ్తాను," అంది.

రత్నరాజు ఆ వేసవంతా ఉత్తరం రాద్దామనుకుంటూ గడిపాడు. రాయొచ్చు. అడ్రస్ ఫ్రిజ్ మీదే ఉంది. సంఘం ముందు గంటసేపు సాక్ష్యం చెప్పగల మనిషి. కాగితం ముందు కూర్చుంటే 'డియర్ వసంత' తరవాత చెయ్యి కదిలేది కాదు. తప్పు ఒప్పుకోవడం కంటే, ఆ తప్పు లేనట్టు కూతురు ఎప్పుడో తనంతట తనే తిరిగొస్తుందని ఊహించుకోవడం తేలిక. పిరికితనం అంటే అదే, ఇంకో పేరు అక్కర్లేదు.

సెప్టెంబర్‌లో నరసింహ ఏడవాల్సిన అవసరం రాలేదు. టీం నిలబడింది. అక్టోబర్‌లో మొదటి సిరీస్ గెలిచారు, ఆ ఏటి కప్పు తేల్చే వరల్డ్ సిరీస్‌కి చేరారు. రెండో ఆట పోయింది, కరుణమ్మకి ఆ పూట మాట పోయింది. డెట్రాయిట్‌కి తిరిగొచ్చి వరసగా గెలిచారు. ఆ ఆదివారం ఇంకొక్కటి గెలిస్తే అయిపోతుంది.

కూడిక శనివారం నుంచి ఆదివారానికి మార్చుకున్నారు. బేస్‌మెంట్‌కి పైనుంచి టీవీ మోసుకొచ్చారు. ఆట మొదలయ్యే ముందు ప్రార్థన చెయ్యమని రత్నరాజుని అడిగారు. ఆయన కళ్లు మూసుకున్నాడు. అందరూ తలలు వంచుకుని ఎదురుచూశారు. గెలిస్తే ఆవిడ వెళ్లిపోతుంది. ఓడితే చలికాలమంతా నోరు లేకుండా ఈ ఇంట్లోనే ఉంటుంది, వండి పెడుతుంది, తల ఊపుతుంది. మిషిగన్ రాష్ట్రం మొత్తంలో టైగర్స్ ఓడాలని కోరుకుంటున్న మనిషి ఆ క్షణాన తనొక్కడేనని ఆయనకి తెలుసు. ఆ మాట దేవుడితో కూడా పైకి చెప్పలేకపోయాడు. "తండ్రీ, నీ చిత్తం," అని కళ్లు తెరిచాడు. ఇంత చిన్న ప్రార్థన ఆయన జన్మలో చెయ్యలేదు.

గెలిచారు. వీధిలో కార్ల హారన్లు మోగాయి, పక్కింటివాళ్లు గిన్నెలు పట్టుకుని వాకిట్లోకి వచ్చి వాయించారు. నరసింహ అంతటి మగాడు సోఫాలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏసుపాదం అందరినీ కౌగిలించుకుంటున్నాడు. కరుణమ్మ ఆ గోలంతా దాటుకుని భర్త దగ్గరికి వచ్చింది.

"అటక మీద పెద్ద సూట్‌కేసు నాకందదు, కాస్త దించిపెట్టండి," అంది.

ఆయన దించిపెట్టాడు. దుమ్ము కూడా తుడిచాడు.

రెండు రోజులకి ఎయిర్‌పోర్ట్‌కి తనే డ్రైవ్ చేశాడు. దారంతా అనుకుని అనుకుని, కారు ఆపాక, "నా తరఫున కూడా ఒక మాట..." అన్నాడు.

"చెప్పను," అంది కరుణమ్మ. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు. "మీది మీరే చెప్పుకోవాలి."

"ఎప్పుడొస్తావు?"

"మాట ఉన్నన్నాళ్లూ అక్కడుంటాను," అని సూట్‌కేసు ఈడ్చుకుంటూ లోపలికి వెళ్లింది.

ఆ ఒక్క మాట పట్టుకుని రత్నరాజు చలికాలం గడిపాడు. ఆవిడ ఆదివారాలు ఫోన్ చేసేది. మొదటి ఆదివారం, "గుమ్మంలోనే చెప్పేశాను. ఇద్దరం అక్కడే కూలబడి ఏడ్చాం," అంది. తరవాతి ఆదివారం, రెండేళ్ల మనవరాలుందనీ, పేరు జయంతి అనీ చెప్పింది. తాతనయ్యానన్న సంగతి ఆయనకి అలా తెలిసింది. "దాన్ని కూర్చోబెట్టుకుని ఎన్ని కథలు చెప్తున్నానో, నాలో ఇన్నున్నాయని నాకే తెలీదు," అని నవ్వేది. వెనకాల పాప కేరింతలు వినిపించేవి. వసంత ఫోన్ దగ్గరికి వచ్చేది కాదు. ఆయన పిలవమని అడగలేదు. అడగడానికి నోరు వచ్చేది కాదు, ఆ నోరు లేకపోవడం టైగర్స్ వల్ల వచ్చింది కాదు.

మంచు తవ్వుకుంటూ, ఫ్రిజ్‌లో డబ్బాల్లోది వేడి చేసుకు తింటూ ఆయన లెక్క వేసుకున్నాడు. ఏప్రిల్ వస్తుంది. ఎంత గొప్ప టీం అయినా ఎప్పుడో ఒకరోజు ఓడుతుంది. ఓడిన రోజు ఆవిడ మాట పోతుంది. మాట పోతే వచ్చేస్తుంది.

ఏప్రిల్ వచ్చింది. మొదటి ఆటలు గెలిచారు. బేస్‌మెంట్‌లో ఏసుపాదం, నరసింహ మళ్లీ అవే లెక్కలు. ఈ ఏడు కూడా కప్పు మనదేనని ఒకరు, తొందరపడకని ఒకరు. రత్నరాజు వాళ్ల మధ్య కూర్చుని ఓటమి కోసం ఎదురుచూశాడు. అది కూడా వచ్చింది. రేడియో కట్టెయ్యకముందే మేడ మీదికి పరిగెత్తి జెర్సీ సిటీకి ఫోన్ చేశాడు.

ఎత్తింది వసంత.

"నాన్నా," అంది. నాలుగేళ్ల తరవాత ఆ మాట. ఆయన అనుకున్నవన్నీ మర్చిపోయాడు.

"ఓడారమ్మా ఇవాళ. అమ్మకి..."

"యా. మాట లేదు."

"అయితే బయల్దేరుతానందా? టికెట్ బుక్ చెయ్యమంటావా? ఏ రోజుకి?"

అవతల పాప నవ్వు వినిపించింది.

"అమ్మ ఇక్కడే ఉంది నాన్నా. పాపకి జడ వేస్తోంది."

"ఏమంటోంది?"

"ఏం అనట్లేదు."

"అంటే, ఏమనుకుంటోందో నీకు తెలీదా? చూసి చెప్పమ్మా."

"తెలుసు," అంది వసంత. "కానీ నేను చెప్పను. అమ్మ మాట ఎవరూ చెప్పకూడదు. గెలిచిన రోజు తనే ఫోన్ చేస్తుంది."

రత్నరాజుకి అప్పుడు చెప్పాల్సింది గుర్తొచ్చింది. "వసంతా, ఆ రోజు అమ్మ నిద్రపోతోంది. అన్నది నేను. తప్పు నాది," అన్నాడు. ఎంతసేపో పట్టలేదు. ఊపిరి పీల్చి వదిలినంతసేపు.

"ఐ నో నాన్నా," అంది ఆ పిల్ల. ఏడుస్తోంది. "ఇది నువ్వు ఆ సండే చెప్పాలి." ఫోన్ పెట్టేసింది. నెమ్మదిగానే పెట్టింది.

మర్నాడు కూడా ఓడారు. ఆయనకి ఇంకొక రోజు దొరికింది. ఆ రోజంతా ఆవిడ చీరలు మడతపెట్టాడు, వంటిల్లు కడిగాడు, పంచదార డబ్బా తీసి పై అరలో పెట్టాడు. ఆ తరవాతి ఆట గెలిచారు. బయట ఎవరో ఒకసారి హారన్ కొట్టి వెళ్లారు. ఫోన్ మోగింది.

అదేమిటో ఆయనకి తెలుసు. ఎత్తకుండా ఉంటే వినకుండా ఉండొచ్చు. ఎత్తాడు. నువ్వేమంటావో నాకు తెలుసులే అనబోయి ఆగాడు.

"చెప్పు కరుణా," అన్నాడు.

"నేను రానండీ," అంది. "మాట లేకపోయినా ఇక్కడ బాగుంది. నిన్నా మొన్నా చూసుకున్నాను. మాట లేకపోతే మీ దగ్గరికి రావాలేమో అనుకున్నాను, అక్కర్లేదని తెలిసింది. మీ మీద కోపంతో కాదు. ఆరోగ్యం చూసుకోండి."

ఆయన బతిమాలుదామనుకున్నాడు. ఆవిడ వింటూ ఉంది, పెట్టెయ్యలేదు.

"సరే," అన్నాడు.

శనివారం కూడికలో పాటలు అయ్యాయి, వాక్యం అయింది. కరుణమ్మ లేదు కాబట్టి భోజనాలకి ఎవరికి వాళ్లు డబ్బాలు తెచ్చుకున్నారు. ఏసుపాదం కుర్చీ దగ్గరికి జరుపుకుని, "బావగారూ, అక్క ఎప్పుడొస్తుంది? ఏమంటోంది?" అని అడిగాడు. అందరూ అటు తిరిగారు. మూడేళ్లు విన్న మాటే కదా, "మా ఆవిడ ఏమంటోందంటే" అని మొదలుపెడతాడనుకున్నారు.

రత్నరాజు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వాటి వంకే చూస్తూ కూర్చున్నాడు.

"రానంది," అన్నాడు. "ఆ మాట ఆవిడే అంది."